కుండీలో మర్రి: అపోహలు – వాస్తవాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డాబాల మీద మల్లె, గులాబీ కుండీల పక్కన ఈమధ్య ఒక బోన్సాయ్ కూడా చేరుతోంది. కడియం నర్సరీల నుంచి వచ్చిన మెలికల ఫైకస్‌ను (మర్రి, రావి జాతి మొక్కను) కొనుక్కుని, కత్తెరా తీగా ముందేసుకుని కూర్చున్నారో లేదో, సలహాలు మొదలవుతాయి. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే: బోన్సాయ్ అంటే చెట్టు ఎదుగుదలను బలవంతంగా ఆపెయ్యడమన్న అభిప్రాయం.

అపోహ: నీళ్లు, ఎరువు తగ్గిస్తే చెట్టు పొట్టిగా ఉంటుంది.

వాస్తవం: మాడిస్తే చెట్టు చస్తుంది, అంతే. అది పొట్టిగా ఉండేది కొమ్మల చివర్లనూ వేర్లనూ ఎప్పటికప్పుడు కత్తిరించడం వల్ల. కత్తిరించిన ప్రతిసారీ కొత్త చిగురు వెయ్యాలి, చిగురు వెయ్యాలంటే తిండి కావాలి. పైగా లోతు లేని కుండీలో మట్టి పట్టేదే కొంచెం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ప్రాంతంలో ఆ కాస్త మట్టి పూట గడవకముందే ఎండిపోతుంది. వేసవిలో పొద్దునా సాయంత్రం తడపాల్సిందే. కుండీని డాబా గచ్చు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, మధ్యాహ్నం పైన గ్రీన్ నెట్ కడితే వేర్లు ఉడికిపోవు.

మట్టి విషయంలోనూ ఇదే పొరపాటు. పొలంలో బంగారం పండించే నల్లరేగడి ఈ కుండీకి పనికిరాదు. తడిస్తే ముద్ద కడుతుంది, ఎండితే బిగుసుకుపోతుంది. శనగగింజంత ఇటుక ముక్కలు, దొడ్డు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. దుమ్మును మాత్రం జల్లెడ పట్టి పారబోయండి.

అపోహ: లేత మొక్కను వెంటనే చిన్న కుండీలోకి మారిస్తే తొందరగా బోన్సాయ్ అవుతుంది.

వాస్తవం: కొత్తవాళ్లకు ఏళ్లకేళ్లు దండగ చేసేది ఇదే. పెన్సిలంత రావిని పళ్లెంలాంటి కుండీలో పెడితే చాలా ఏళ్లు పెన్సిలంతే ఉంటుంది. ముసలి చెట్టులా కనిపించాలంటే మొదలు లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. లావెక్కాలంటే ముందు విచ్చలవిడిగా పెరగనివ్వాలి. నేలలోనో, అడుగున చిల్లులు పెట్టిన పెద్ద పెయింటు బకెట్‌లోనో రెండు మూడేళ్లు వదిలెయ్యండి. మనిషెత్తు పెరిగినా కంగారు పడకండి. మొదలు లావెక్కాక బాగా కిందికి కోసేస్తే పక్క నుంచి చిగుళ్లు వస్తాయి. వాటిలో ఒకదాన్ని కొత్త తలగా నిలబెట్టాలి. అదీ కాస్త లావెక్కాక మళ్లీ కోత. కింద లావు, పైన సన్నం ఇలా కోతకొక మెట్టుగా వస్తుంది. అంత ఎత్తు చెట్టును అడుగుకి కోసెయ్యడానికి చెయ్యి రాదు, నిజమే. ఆ చెయ్యి రాకపోవడమే అసలు అడ్డంకి.

అపోహ: బోన్సాయ్‌కి వేరే జాతి, వేరే విత్తనాలు ఉంటాయి.

వాస్తవం: ఆన్‌లైన్‌లో ‘బోన్సాయ్ విత్తనాలు’ అని అమ్మేవి మామూలు చెట్ల విత్తనాలే. నేలలో వేస్తే మానులే అవుతాయి. ఫొటోల్లో చూసి జునిపర్ తెప్పించుకుంటే మన ఎండలకు దాన్ని బతికించుకోవడమే ఒక పని. మర్రి, రావి, జువ్వి, చింత, సీమచింత, కాగితపు పూలు ఇక్కడి ఎండకు పుట్టినట్టే ఉంటాయి. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావి ఎప్పటికైనా గోడను చీల్చేదే. నరకడం పాపమని వెనకాడేవాళ్లకు, వేరుతో సహా జాగ్రత్తగా పెకలించి బకెట్‌లో నాటుకోవడం చక్కటి దారి.

అపోహ: తీగ చుట్టి వదిలేస్తే కొమ్మ దానంతటదే వంపు తిరుగుతుంది.

వాస్తవం: తీగ పని పట్టి ఉంచడమే, వంచాల్సింది మీ చేతులు. స్లాబు పనిలో వాడే బైండింగు తీగ వద్దు. అది సన్నగా ఉండి బెరడును కోస్తుంది, పైగా తుప్పు పడుతుంది. మెత్తటి అల్యూమినియం తీగ తీసుకోండి, మందం కొమ్మలో మూడో వంతుంటే చాలు. కొస మానుకు ఒక చుట్టు పట్టుండాలి. అక్కడి నుంచి కొమ్మ పొడవునా 45 డిగ్రీల ఏటవాలులో, మరీ బిగించకుండా చుట్టాలి. వంపు బయటి వైపున తీగ ఆనేలా చూసుకుని, రెండు బొటనవేళ్లు లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వంచండి. ‘చిట్’ మంటే ఆగిపోండి. మన వాతావరణంలో ఫైకస్ కొమ్మ వానాకాలంలో చూస్తుండగానే లావెక్కుతుంది. కొన్ని వారాలకే తీగ బెరడులో దిగబడి, ఆ మెలికల మచ్చ ఏళ్ల తరబడి పోదు. అందుకే వారానికోసారి చూసి, బిగుస్తోందనిపిస్తే కట్టర్‌తో ముక్కలుగా కత్తిరించి తీసెయ్యాలి. తీగ ఖరీదని చుట్లు వెనక్కి తిప్పబోతే కొమ్మే విరుగుతుంది.

ఇక బోన్సాయ్ అంటే టీపాయ్ మీది అలంకారమన్న అపోహ. మన మర్రికీ చింతకూ ఎండ కావాలి. అతిథులొచ్చిన రోజు లోపల పెట్టి, మర్నాడు బయట పెట్టెయ్యండి.

బోన్సాయ్‌ది అల్పాయుష్షు అంటారా? అమెరికాకు 1976లో జపాన్ నుంచి కానుకగా వెళ్లిన యమాకి పైన్ 1625 నుంచి బోన్సాయ్‌గా పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద పడ్డ అణుబాంబునూ తట్టుకుంది. ఇప్పటికీ వాషింగ్టన్‌లో పచ్చగా ఉంది.

వాస్తు మాట వేరు, అది నమ్మకం. కానీ ‘ఎదుగు ఆగిన చెట్టు ఇంట్లో ఉంటే ఇంటికీ ఎదుగు ఉండదు’ అనే వాదన నిలబడదు, ఎందుకంటే ఆ చెట్టు ఎదుగు ఆగలేదు. మైసూరు అవధూత దత్తపీఠం ఆశ్రమంలోనే పెద్ద బోన్సాయ్ వనం ఉంది. 2016లో 2,649 బోన్సాయ్‌ల ప్రదర్శనతో గిన్నిస్‌కెక్కింది.

వేర్లు కోస్తే చచ్చిపోతుందన్న భయం మాత్రం సగం న్యాయమైనదే, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో కోస్తే నిజంగానే చావచ్చు. మృగశిర దాటి, తొలకరి పడి, గాలి చల్లబడ్డాక మొక్కను కుండీలోంచి తీసి, చుట్లు తిరిగిన వేర్లలో మూడో వంతు దాకా కోసి, అంతే మేరకు పైన ఆకునూ తగ్గించి, రెండు మూడు వారాలు నీడన ఉంచితే మర్రి, రావి జాతులు ఇట్టే కోలుకుంటాయి. కోసినచోట కారే పాలు వాటంతటవే గడ్డకడతాయి. పసుపు, సున్నం పూయనక్కర్లేదు.