మేలుకోని కంప్యూటరు, కనబడని డిస్కు

మన సంఘ సభ్యుల యిండ్లలో యీ మధ్య లినక్స్ పేరు తరచుగా వినవస్తున్నది. కారణము తెలిసినదే. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 పట్టని పాత యంత్రాలను పారవేయుటకు మనసొప్పక, పిల్లలు వాటిలో ఉబుంటూనో, లినక్స్ మింటో వేసి పెద్దల కప్పగించి, తాము ఉద్యోగాలకు, హాస్టళ్ళకు వెళ్ళిపోతున్నారు. తమిళనాడులోని మన కుటుంబాలకు యిది బొత్తిగా కొత్త కాదు. అక్కడి ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ఉచితముగా యివ్వసాగిన లాప్‌టాప్‌లలో చాలవాటిలో విండోస్ పక్కనే సి-డాక్ వారి బాస్ లినక్స్ వుండేది.

పని సాగినన్నాళ్ళు సాగుతుంది. ఒకనాటి వుదయము మీట నొక్కితే రంగుల తెర రాదు. నల్లని తెరమీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి, చివరకు ‘యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’ అని ఆగిపోతుంది. అప్పుడు యింట్లో మొదట వినబడే మాట ‘అంతా పోయింది’ అని. తరువాత తెలిసినవారెవరో వచ్చి చెప్పే మాట ‘ఫార్మాట్ చేయండి, సరిపోతుంది’ అని. మొదటిది చాలవరకు నిజము కాదు. రెండవదే ప్రమాదము.

మనలో చాలమందికి యింట మాట్లాడే తెలుగే గాని బడిలో నేర్చిన తెలుగు లేదు. తాతగారి ఉత్తరాలు, పాత దస్తావేజులు చదవగలవారు తగ్గిపోతున్న కొద్దీ వాటికి ఫోటోలు తీసి డిస్కులో దాచుకొంటున్నాము. అవ్వ పాడగా పట్టిన పెళ్ళిపాటలూ అందులోనే వున్నవి. డిస్కు తుడిచిపెట్టుకొని పోతే మళ్ళీ పట్టుకొందామనుటకు ఆ అవ్వ లేదు.

కనుక యంత్రము ఎక్కడ ఆగినదో ముందు చూడవలెను. మీట నొక్కగానే మొదట లేచేది ఫర్మ్‌వేర్. అది డిస్కులను లెక్కపెట్టి గ్రబ్ అను చిన్న ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. గ్రబ్ కెర్నెలును, దానికి తోడుగా ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న మూటను మెమరీలోకి ఎత్తుతుంది. ఆ మూటలోని పనిముట్లతో కెర్నెలు అసలు డిస్కును పట్టుకొని, సిస్టమ్‌డి అను పెత్తనదారుకు యింటి తాళాలు యిస్తుంది. సిస్టమ్‌డి తక్కిన డిస్కులను తగిలించి మనకు తెర చూపుతుంది. ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఆగితే గ్రబ్‌కు తన ఫైళ్ళు దొరకలేదన్నమాట. లినక్స్ వూసే లేకుండా నేరుగా విండోస్ లేస్తే, ఫర్మ్‌వేర్‌లో వరుస మారివుండవచ్చు; అక్కడికి వెళ్ళి లినక్స్‌ను ముందుకు తెస్తే చాలును. ‘ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్’ అని ఆగితే కెర్నెలు లేచినది గాని అసలు డిస్కు దొరకలేదు, లేదా దానిలోని లెక్కలు చెదిరినవి. ‘ఎమర్జెన్సీ మోడ్’ దాకా వచ్చినదంటే చాలదూరము వచ్చినట్లే. అక్కడ దోషము తరచుగా ఒక్క ఫైలులో, ఒక్క పంక్తిలో వుంటుంది.

ఆ ఫైలు పేరు ఎఫ్‌స్టాబ్. లినక్స్‌లో విండోస్ వలె సి, డి అను అక్షరాల గదులు లేవు. ప్రతి డిస్కును ఒక ఫోల్డరుకు తగిలించవలెను. దానినే మౌంట్ చేయుట అంటారు. యీ పద్ధతి ఎంత పాతదంటే, బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్సుకు 1971లో వెలువడిన తొలి మాన్యువల్‌లోనే మౌంట్ వున్నది. ఏ డిస్కును ఎక్కడ తగిలించవలెనో ఎఫ్‌స్టాబ్‌లో పంక్తికొకటిగా వ్రాసివుంటుంది. పంక్తికి ఆరు అంశాలు: ఏ డిస్కు, ఏ ఫోల్డరు, ఏ రకము, ఏ షరతులు, చివర రెండు అంకెలు.

ఒక యింట జరిగినది చెప్పెదను. పిల్లవాడు బయటి యు.ఎస్.బి. డిస్కును ఎఫ్‌స్టాబ్‌లో వ్రాసిపెట్టి వెళ్ళినాడు. చెల్లెలు సినిమాల కోసము ఆ డిస్కును బెంగుళూరు హాస్టలుకు పట్టుకొనిపోయినది. మరునాడు యింట్లో కంప్యూటరు లేవలేదు! చెడినదేమీ లేదు. పంక్తిలో వ్రాసిన డిస్కు కోసము సిస్టమ్‌డి మామూలుగా 90 సెకండ్లు కాచుకొంటుంది. రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. అల్లుడు రానిదే విస్తరి వేయనివ్వని యింటి పెద్దవంటిది దాని స్వభావము. షరతుల చోట ‘నోఫెయిల్’ అని ఒక్క మాట చేర్చితే, ‘రాకపోతే పోనీండి, మీరు కూర్చోండి’ అన్నట్లు మిగతా పని సాగిపోతుంది. బయటి డిస్కులన్నిటికీ యీ మాట వుండి తీరవలెనని నా అభిప్రాయము.

డిస్కును ‘ఎస్‌డిబి1’ వంటి పేరుతో వ్రాసినా చిక్కే. ఆ పేర్లు కంప్యూటరు డిస్కులను కనుగొన్న వరుసనుబట్టి వస్తాయి. యివాళ బి అయినది రేపు సి కావచ్చును. ప్రతి విభాగానికి యు.యు.ఐ.డి. అను పొడుగాటి గుర్తు వుంటుంది. అదే వ్రాయవలెను. అయితే ఫార్మాట్ చేసిన విభాగానికి గుర్తు మారిపోతుంది. ఎఫ్‌స్టాబ్‌లో పాతదే మిగిలితే మళ్ళీ 90 సెకండ్ల కాపలా తప్పదు.

చికిత్స యిది. ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ పాస్‌వర్డు యిచ్చి లోపలికి వెళ్ళి, డిస్కు వ్రాతకు వీలుకాకుండా వుంటే ‘మౌంట్’ ఆజ్ఞకు ‘రీమౌంట్’ షరతు చేర్చి వ్రాతకు తెరవవలెను. ‘నానో’తో ఎఫ్‌స్టాబ్ తెరచి, అనుమానపు పంక్తి మొదట హాష్ గుర్తు పెట్టవలెను. పంక్తిని చెరపవద్దు, గుర్తు పెడితే యంత్రము దానిని చదవదు, మనకు మాత్రము మిగులుతుంది. కొన్ని లినక్సులలో రూట్‌కు తాళము వేసి వుంటుంది. అప్పుడు యు.ఎస్.బి.లో వేసుకొన్న లైవ్ లినక్స్‌తో లేపి, లోపలి డిస్కును మౌంట్ చేసి, దానిలోని ఎఫ్‌స్టాబ్‌ను దిద్దవలెను. లైవ్ లినక్స్‌కు తన ఎఫ్‌స్టాబ్ వేరే వుంటుంది. దానిని దిద్ది, ఏమీ మారలేదేమని విసుగుకొనేవారున్నారు.

లైవ్ లినక్స్‌తో మరొక మేలున్నది. ఫైల్ మేనేజరు తెరచి డిస్కుమీద నొక్కితే, తాతగారి ఉత్తరాలున్నవో లేవో కళ్ళారా చూడవచ్చును. ఉన్న పక్షమున ముందు వాటిని వేరొక డిస్కుకు కాపీ తీసి, ఆ తరువాతనే మరమ్మతు మొదలుపెట్టవలెను.

చెదిరిన లెక్కలను సరిచేసేది ఎఫ్‌ఎస్‌సికె. మౌంట్ అయివున్న విభాగముమీద దానిని ఎన్నడూ నడపరాదు. అంతకుముందు తెరమీద ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’ అని పదేపదే వచ్చినా, పాత డిస్కు టకటకమన్నా చేయి తీసివేయవలెను. అది లెక్కల జబ్బు కాదు, దేహానికే జబ్బు. చావుబ్రతుకులలో వున్న డిస్కును ఎఫ్‌ఎస్‌సికె మరింత తిప్పి అలసట పెడుతుంది. ముందు డిడిరెస్క్యూతో ప్రతి దింపి, ఆ ప్రతిమీదనే చికిత్స చేయవలెను.

రెండు వ్యవస్థలున్న యంత్రాలలో వేరొక తంటా. విండోస్ 8 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ వున్నది. ఆపుచేసినట్లు కనబడినా విండోస్ పూర్తిగా నిద్రపోదు, దాని డిస్కు సగము తెరచిన పెట్టెవలె వుంటుంది. లినక్స్ దానిని చదువుటకు మాత్రమే తెరుస్తుంది, లేదా అసలే తెరవదు. విండోస్‌లోకి వెళ్ళి షిఫ్ట్ మీట పట్టుకొని షట్‌డౌన్ చేస్తే ఆ ఒక్కసారికి చాలు; ఫాస్ట్ స్టార్టప్‌నే తీసివేస్తే శాశ్వతముగా చాలు.

అన్నిటికంటె భయపడవలసిన చోటు వేరే వున్నది. లినక్స్ డిస్కును వూడదీసి బంధువుల విండోస్ కంప్యూటరుకు తగిలిస్తారు. విండోస్‌కు మామూలుగా ఎక్స్‌టి4 అను లినక్స్ లిపి రాదు. రాని సంగతి చెప్పక, ‘యీ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను’ అని మర్యాదగా అడుగుతుంది. అక్కడ ‘క్యాన్సిల్’ నొక్కవలెను. లోపల అంతా భద్రముగా వున్న డిస్కులు ఆ పెట్టె ముందు ఒక్క నొక్కుతో పాడవుతున్నవి. డిస్కును యితరుల చేతికిచ్చేటప్పుడు పైన ఒక చీటీ అంటించి, ‘లినక్స్ డిస్కు, ఫార్మాట్ చేయరాదు’ అని వారు చదవగల భాషలో వ్రాయండి. యంత్రము బాగుండగానే ఎల్-ఎస్-బి-ఎల్-కె ఆజ్ఞకు హైఫను, ఎఫ్ చేర్చి నడిపితే ఏ విభాగానికి ఏ యు.యు.ఐ.డి. వున్నదో జాబితా వస్తుంది. దానిని కాగితముమీద దింపుకొని పెట్టె లోపలి వైపున అతికించండి. కంప్యూటరు లేవనినాడు కంప్యూటరులో దాచుకొన్న జాబితా చూచుటకు వీలుండదు.