ఆఫ్రికన్ మహాగని సాగు: మొదటి నాలుగేళ్లు మొవ్వును కాపాడితేనే దుంగకు విలువ

మహాగని మొక్కలు నాటమని ఊరూరా ప్రచారం జరుగుతోంది. ఎకరాకు ఇన్ని మొక్కలు, పన్నెండేళ్లకు కోటి రూపాయలు అనే లెక్కలు రైతుల ఫోన్లలో తిరుగుతున్నాయి. ఈ లెక్కల్లో మొక్కల సంఖ్య ఉంటుంది, ధర ఉంటుంది. ఒక్కో చెట్టు నుంచి ఎన్ని అడుగుల నిటారు దుంగ వస్తుందన్నది మాత్రం ఉండదు. కలప చెట్టులో డబ్బు వచ్చేది ఆ నిటారు మొదలు నుంచే. అది ఎంత పొడవు ఉంటుందన్నది చాలావరకు మొదటి మూడు, నాలుగేళ్లలోనే తేలిపోతుంది. మొక్కలకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ వ్యాసం పూర్తిగా చదవండి.

ఏ మహాగని కొంటున్నారు?

మహాగని అనే పేరుతో వేర్వేరు చెట్లు అమ్ముడవుతున్నాయి. అమెరికా ఖండానికి చెందిన స్వీటేనియా ఒకటి. ఆఫ్రికాకు చెందిన ఖాయా మరొకటి. రెండూ మన వేప కుటుంబానికి చెందినవే గానీ ఒకటి కాదు.

ఖాయాలో మళ్లీ రకాలున్నాయి. ఖాయా ఐవొరెన్సిస్ పశ్చిమ ఆఫ్రికా తీరంలోని దట్టమైన వానాడవుల చెట్టు. ఏడాదిలో ఎక్కువ కాలం వాన, గాలిలో తేమ ఉండాలి. ఖాయా సెనెగలెన్సిస్ సెనెగల్ నుంచి సూడాన్ వరకు, ఎండాకాలం ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పెరుగుతుంది. సెనెగల్ రాజధాని డాకర్‌లోనూ, మాలీ రాజధాని బమాకోలోనూ వీధుల వెంట నీడకోసం పెంచే చెట్టు ఇదే. నాలుగైదు నెలలు వాన లేకపోయినా వేరు దిగిన చెట్టు తట్టుకుంటుంది. తెలంగాణ, కోస్తా జిల్లాల వాతావరణానికి సరిపోయేది ఈ రకమే.

గుర్తించడానికి తేలికైన దారి కాయ, గింజ. స్వీటేనియా కాయ పొడవుగా పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, గింజకు ఒక పక్క పొడవైన రెక్క ఉంటుంది. ఖాయా కాయ బంతిలా గుండ్రంగా, గట్టిగా ఉంటుంది, గింజ పలుచటి బిళ్లలా ఉండి చుట్టూ సన్నని రెక్క అంచు ఉంటుంది. నర్సరీ యజమానిని తల్లి చెట్టు ఎక్కడుందో, గింజ ఎలా ఉంటుందో అడగండి. బిల్లుపై రకం పేరు పూర్తిగా రాయించుకోండి. బ్రెజిల్‌లో ఐవొరెన్సిస్ అనుకుని ఏళ్ల తరబడి పెద్ద ఎత్తున నాటిన చెట్లు తర్వాత పరీక్షిస్తే గ్రాండిఫోలియోలా అనే వేరే ఖాయా రకమని తేలింది. పెద్ద పెద్ద తోటల వాళ్లకే అలా జరిగినప్పుడు, మనం అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఏ నేలలో, ఎక్కడ నాటాలి?

లోతైన, నీరు ఇంకే ఒండ్రు నేలలు, ఎర్ర గరప నేలలు అనుకూలం. అడుగున రాతి పొర దగ్గరగా ఉన్న చోట చెట్టు బతుకుతుంది గానీ మొదలు లావెక్కదు. అనంతపురం లాంటి తక్కువ వాన జిల్లాల్లో నీటి వసతి లేకుండా ఈ చెట్టు మీద ఆశ పెట్టుకోవద్దు.

చిన్న రైతుకు నా సలహా, ఉన్న ఎకరా మొత్తం దీనికి ఇవ్వవద్దు. ఇరవై ఏళ్ల వరకు చేతికి డబ్బు రాని పంట ఇది. గట్ల వెంట 15 అడుగులకు ఒక మొక్క చొప్పున నాటితే ఎకరా చుట్టూ సుమారు 55 మొక్కలు పడతాయి. ఎప్పటి పంట అప్పుడు తీసుకుంటూనే చెట్లూ పెంచుకోవచ్చు. గట్టుకు కాస్త లోపలగా, పక్క రైతుతో మాట్లాడుకుని నాటండి. నీడ గురించి తగాదా తర్వాత రాకుండా ఉంటుంది. తోటగానే వేయాలనుకుంటే 12 అడుగుల ఎడంలో ఎకరాకు సుమారు 300 మొక్కలు నాటి, 7, 8 ఏళ్లకు వంకర చెట్లు, సన్నటి చెట్లు తీసేసి సగానికి తగ్గించాలి.

ఇంటికి, పశువుల పాకకు, కరెంటు తీగలకు దగ్గరగా నాటవద్దు. ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో 2018 మార్చిలో మార్కస్ తుఫాను వచ్చినప్పుడు కూలిన చెట్లలో ఆఫ్రికన్ మహాగనులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. తుఫానులు వచ్చే మన తీరప్రాంత రైతులు ఇది గుర్తుంచుకోవాలి.

మొక్క ఎంపిక, నాటడం

ఎత్తుగా ఉన్న మొక్కే మంచి మొక్క అనుకోవద్దు. ఈ చెట్టుకు తల్లివేరు లోతుకు పోతుంది. చిన్న సంచిలో ఎక్కువ కాలం ఉంచిన మొక్కకు వేరు అడుగున చుట్టుకుపోతుంది. అలాంటి చెట్టు పెద్దయ్యాక గాలికి నిలవదు. ఒకటి రెండు సంచులు చింపి వేరు చూసిన తర్వాతే మిగతావి తీసుకోండి. ఒకటిన్నర, రెండు అడుగుల ఎత్తు, పెన్సిలంత లావు, ఒకే మొవ్వు ఉన్న మొక్క సరిపోతుంది. సొంతంగా పెంచుకునేవారు తాజా గింజనే వాడాలి. నిలవ చేస్తే మొలక శక్తి త్వరగా తగ్గుతుంది. గింజను బల్లపరుపుగా పెట్టి పలుచగా మట్టి కప్పితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది.

వేసవిలో 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంతలు తీసి ఎండనివ్వండి. పైమట్టిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, 250 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 250 గ్రాముల వేపపిండి కలిపి నింపండి. తొలకరి వానలు పడి నేల బాగా తడిసిన తర్వాత జూన్, జులైలలో నాటండి. ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువగా వచ్చే ప్రాంతాల్లో సెప్టెంబరు, అక్టోబరులోనూ నాటవచ్చు.

మొదటి రెండు వేసవులు వారం, పది రోజులకొకసారి మొక్కకు రెండు బిందెల నీరు పోసి, పాదులో ఎండుగడ్డి కప్పాలి. మేకలు, పశువులు ఆకు తింటాయి. పశ్చిమ ఆఫ్రికాలో పశువుల కాపరులు ఎండాకాలంలో ఈ కొమ్మలు నరికి మందకు మేపుతారు. మొక్క మీ ఎత్తు దాటేవరకు ముళ్లకంప కట్టండి.

అసలు శత్రువు: మొవ్వు తొలిచే పురుగు

ఆఫ్రికన్ మహాగనికి పురుగు రాదని కొందరు చెబుతారు. బ్రెజిల్‌లో ఈ మాట కొంతవరకు నిజం. అక్కడి మహాగని పురుగు వేరే జాతి, అది ఖాయాను అంతగా ముట్టుకోదు. కానీ మన దేశంలో ఉన్నది హిప్సిపైలా రోబస్టా. ఆఫ్రికాలో ఖాయాను పాడుచేసేది ఇదే జాతి. పశ్చిమ ఆఫ్రికాలో ఖాయాను ఒక్కటే తోటగా వేసిన చోట్ల ఎక్కువ దెబ్బతీసింది ఈ పురుగే. అడవిలో ఈ చెట్టు గుంపుగా ఉండదు. ఇతర చెట్ల మధ్య ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెరుగుతుంది. అందుకే అక్కడ ప్రతి చెట్టూ పురుగు కంట పడదు.

వానలకు కొత్త చిగురు వచ్చినప్పుడు రెక్కల పురుగు లేత చిగుళ్లపై గుడ్లు పెడుతుంది. లార్వా మొవ్వులోకి తొలుచుకుని పోతుంది. మొవ్వు వాడి వేలాడుతుంది. రంధ్రం దగ్గర గోధుమ రంగు పొట్టు, జిగురు కనిపిస్తాయి. పురుగు చెట్టును చంపడం అరుదు. మొవ్వు చావగానే కింద నుంచి నాలుగైదు పక్క కొమ్మలు ఒకేసారి లేస్తాయి. చెట్టు పచ్చగా, గుబురుగా కనిపిస్తుంది. రైతు సంతోషపడతాడు. కానీ దుంగ అక్కడితో ఆగిపోయింది.

ఇలా చేయండి:

- వానాకాలంలో వారానికొకసారి ప్రతి మొక్క మొవ్వు చూడండి. నాలుగేళ్ల వరకు, లేదా మొదలు 15 అడుగులు నిటారుగా లేచేవరకు ఈ పని మానవద్దు.
- వాడిన మొవ్వును సొరంగం అయిపోయి పచ్చి కండ కనిపించే వరకు కిందికి కత్తిరించండి. కత్తిరించిన ముక్కను చీల్చి పురుగును చంపండి లేదా కాల్చేయండి. చేనులోనే పడేస్తే ప్రయోజనం లేదు.
- నెల, నెలన్నరలో వచ్చిన కొమ్మల్లో బలమైనది, నిటారుగా ఉన్నది ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. ఉంచినదాన్ని వెదురు కర్రకు వదులుగా కట్టండి.
- కొత్త చిగురు వస్తున్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చిగురు తడిసేలా పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి చేయండి.
- పురుగు లోపలికి పోయాక పైన కొట్టే మందు దాన్ని చేరదు. దుకాణంలో చెప్పిన మందు కొనే ముందు మీ రైతు వేదికలో గానీ రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి.
- మొదటి మూడేళ్లు వరుసల మధ్య కంది వేయండి. పక్కల నుంచి కాస్త నీడ ఇస్తూ మొక్కను నిటారుగా లేపుతుంది, మీకూ పంట వస్తుంది. మొవ్వుపై మాత్రం ఎండ పడాలి. తోటలో టేకు, వేప వంటివి కలిపి నాటితే ఇంకా మంచిది.
- మామిడి చెట్లపై ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు మహాగనిపైకి వస్తే చంపవద్దు. అవి పురుగులను తింటాయి.

కొమ్మల కత్తిరింపు

రెండో ఏడు నుంచి ఏటా ఎండాకాలంలో, కింది పక్క కొమ్మలు బొటనవేలంత లావులో ఉండగానే మొదలుకు దగ్గరగా కత్తిరించండి. కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బును మాత్రం గాయపరచవద్దు. గాయానికి బోర్డో పేస్టు పూయండి. ఒకేసారి ఎక్కువ తీయవద్దు. చెట్టు ఎత్తులో పై సగం ఎప్పుడూ ఆకులతో ఉండాలి. కొమ్మ లావెక్కాక నరికితే ఆ ముడి దుంగలో ఉండిపోయి ధర తగ్గిస్తుంది.

దుంగ లెక్క మీరే వేసుకోండి

కలప వ్యాపారులు వాడే లెక్క ఇది: దుంగ మధ్య చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి నాలుగుతో భాగించాలి. వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలి. 36 అంగుళాల చుట్టుకొలత, 12 అడుగుల పొడవు ఉంటే 9ని 9తో గుణిస్తే 81, దాన్ని 12తో గుణించి 144తో భాగిస్తే 6.75 ఘనపుటడుగులు. అదే చెట్టు 5 అడుగుల దగ్గర చీలిపోతే దుంగ 2.8 ఘనపుటడుగులే. మిగతాది వంటచెరకు ధరకు పోతుంది. ఒక్క మొవ్వు పోవడం వల్ల సగానికి పైగా పోయినట్టు. చుట్టుకొలత 48 అంగుళాలకు వస్తే ప్రతి అడుగు పొడవుకు ఒక ఘనపుటడుగు కలప వస్తుంది. లావు వచ్చేవరకు ఆగితే ఎంత లాభమో ఇందులోనే తెలుస్తుంది.

వయసు తక్కువ చెట్టులో చేవ తక్కువ, తెల్ల కండ ఎక్కువ. ఎర్రటి చేవ ఉన్న కలపకే మహాగని ధర పలుకుతుంది. అందుకని 12 ఏళ్లకు కోసే లెక్క వద్దు, 20 నుంచి 25 ఏళ్లు అనుకుని నాటండి. మధ్యలో తీసే సన్న చెట్లు గుంజలకు, వంటచెరకుకు పనికొస్తాయి.

అమ్మకం, కాగితాలు

మొక్కలు అమ్మినవాళ్లే చెట్లు కొంటామంటే ఆ మాట కాగితంపై అడగండి. ఏ సంవత్సరంలో, ఎంత చుట్టుకొలతకు, ఏ ధరకు కొంటారో, కొనకపోతే ఏమిటో అందులో ఉండాలి. ఇవి లేని హామీని నమ్మి భూమి ఇవ్వవద్దు. మీ జిల్లా కేంద్రంలోని రెండు మూడు సామిల్లుల్లో ఈ కలప కొంటారా, ఎంతకు కొంటారు అని నాటకముందే కనుక్కోండి. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం, కలప తరలించడానికి అటవీశాఖ రవాణా నిబంధనలు ఉన్నాయి. మీ రేంజి కార్యాలయంలో ఈ చెట్టుకు ఏ అనుమతి కావాలో అడగండి. మొక్కల బిల్లు, నాటిన తేదీ రాసిన కాగితం, నాటినప్పటి ఫోటోలు దాచుకోండి. రేపు చెట్లు మీరు నాటినవేనని చూపడానికి పనికొస్తాయి.

నాటే ముందు ఈ నాలుగూ సరిచూసుకోండి: రకం పేరు బిల్లుపై ఉందా, వేరు చుట్టుకోని మొక్కేనా, నాలుగేళ్లు వానాకాలంలో వారం వారం మొవ్వు చూసే మనిషి ఇంట్లో ఉన్నారా, ఇరవై ఏళ్లు ఆగగలరా. నాలుగింటికీ అవునంటే ఈ ఏడు గట్టు మీద ఇరవై, ముప్పై మొక్కలతో మొదలుపెట్టండి. మూడేళ్ల తర్వాత అవి నిటారుగా నిలబడితే మరికొన్ని నాటవచ్చు.