లూసీ రీ గిన్నెల మీద గుంటలు

ఏమర్రా, కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మరి ఆవకాయ జాడీ ఎందుకు చెమర్చదు? అదీ మట్టిదేగా! దాని ఒంటికి గాజుపూత ఉంది మరి. ఆ పూతతోనే ఒకావిడ అరవై ఏళ్లకు పైగా కుస్తీ పట్టింది. ఇవాళ ఆవిడ కబుర్లు.

పేరు లూసీ రీ. 1902లో వియన్నాలో ఓ డాక్టరుగారింట పుట్టింది. కళాశాలలో చేరి సారె ముందు కూర్చుంది, ఇక లేవలేదు. 1937లో పారిస్ ప్రదర్శనలో వెండి పతకం వచ్చింది. మరుసటేడే హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. యూదుల ఇంటి పిల్ల, ఉంటే ప్రాణానికి ముప్పు. లండన్ చేరి, హైడ్ పార్కు దగ్గర చిన్న ఇల్లు చూసుకుంది. కింద పని, పైన కాపురం. చివరిదాకా అక్కడే.

యుద్ధకాలంలో గిన్నెలు ఎవరు కొంటారు? బొత్తాలు చేసింది. దర్జీలు గుడ్డముక్క తెచ్చి, సరిగ్గా ఈ రంగు బొత్తాలే కావాలనేవాళ్లు. నన్నడిగితే ఆవిడకు అసలు ప్రయోగశాల ఆ బొత్తాలే. గిన్నె పాడైతే వారం శ్రమ పోతుంది, బొత్తం పాడైతే ఏం పోయింది?

పూతంటే ఏమిటో చెప్పనా? మెత్తగా నూరిన ఇసుక. ఇసుక ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీల సెగ కావాలి. అందుకే ఫెల్‌స్పార్ రాతిపొడి, సున్నం కలుపుతారు. అప్పుడు 1,250 దగ్గరే కరిగి గాజవుతుంది. అది కిందికి జారిపోకుండా కాస్త బంకమట్టి. రంగుకు లోహాల భస్మాలు: కోబాల్టుకు నీలం, రాగికి పచ్చ, ఇనుముకు తేనెరంగు మొదలుకొని నలుపు దాకా.

మామూలుగా కుండను ఒకసారి కాల్చి, పూత వేసి, మళ్లీ కాలుస్తారు. ఈవిడ పచ్చికుండకే కుంచెతో పూత పూసి ఒక్క కాల్పుతో సరిపెట్టేది. వినడానికి తేలికే. పచ్చికుండ తడిస్తే మెత్తబడి కూలుతుంది. మట్టి కుంచించుకున్నంతా పూత కూడా కుంచించుకోవాలి, లేకపోతే పెచ్చులూడుతుంది. పైగా ఎంత ఎండబెట్టినా మట్టి అణువుల్లో కలిసిపోయిన నీరు కొంత ఉంటుంది. అది సుమారు 500 డిగ్రీలు దాటాకే వదులుతుంది. పూత కరిగి దారి మూసేలోపు ఆ ఆవిరి బయటపడాలి. అందుకే సెగ నిదానంగా పెంచాలి. తొందరపడేవాళ్లకు మట్టిపని అచ్చిరాదు.

ఇక ఆవిడ గొప్పంతా ఉన్నది గుంటల పూతలో. సానపట్టే కార్బొరండం చక్రం చూశారుగా, ఆ పదార్థమే, సిలికాన్ కార్బైడ్. దాని పొడి కలిపేది. సెగలో అది చుట్టుపక్కల భస్మాల నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. దానిలోని కార్బన్ వాయువై బయటికి తన్నుకొస్తుంది. పెనం మీది అట్టుకు చిల్లులు పడ్డట్టు, కరిగిన గాజులో బుడగలు లేచి పగులుతాయి. గాజు మరీ పల్చగా ఉంటే చిల్లు పూడిపోతుంది, మరీ చిక్కనైతే బుడగే లేవదు. ఆ మధ్య స్థితి పుస్తకంలో దొరకదు, బట్టీలోనే దొరకాలి. ఆ గిన్నెలు చూస్తే చందమామ ముఖం గుర్తొస్తుందని కొందరంటారు. నాకైతే రసాయనశాస్త్రమే కనిపిస్తుంది!

ఆవిడ గిన్నెలకుండే కంచురంగు అంచులు మాంగనీసు, రాగి భస్మాల పుణ్యం. కాలేటప్పుడు వచ్చే మాంగనీసు పొగ నరాలకు చేటు. ఇళ్లలో చిన్న బట్టీలు పెట్టుకునేవాళ్లు ఈ మాట మరవకండి.

ఆ రోజుల్లో ఇంగ్లండులో మట్టిపనికి బెర్నార్డ్ లీచ్ మాటే వేదం. ఆయన లూసీ గిన్నెలు మరీ పల్చగా ఉన్నాయన్నాడు. కొన్నాళ్లు ఆయన దారిలో నడవబోయింది, కుదరలేదు. 1946లో పని వెతుక్కుంటూ హాన్స్ కోపర్ అనే కుర్రాడు వచ్చాడు. అతడూ కాందిశీకుడే, మట్టిపని బొత్తిగా తెలియదు. తర్వాత మహా శిల్పి అయ్యాడు. నీ దారి నీదే అని ఆవిడకు ధైర్యం చెప్పింది అతడే. శిష్యుడు గురువుకు ధైర్యం చెప్పడం భలే ఉంది కదూ!

1960 నుంచి పదేళ్లకు పైగా క్యాంబర్‌వెల్ కళాశాలలో పాఠం చెప్పింది. అక్కడి విద్యార్థుల్లో జాన్ వార్డ్ సారె వదిలి చేత్తోనే గిన్నెలు కట్టాడు. యూఎన్ హెండర్సన్ మట్టిని రాళ్లగుట్టలా పేర్చి కాల్చాడు. ఇద్దరి పనిలోనూ లూసీ రీ గిన్నెలకు నకలు కనపడదు. గురువుగా ఆవిడకు నేను నూటికి నూరు వేసేది ఇందుకే.

ఎనభయ్యో ఏట కూడా విద్యుత్ బట్టీలోకి నడుం దాకా వంగి గిన్నెలు తీసేది. 1982లో బీబీసీ కార్యక్రమంలో డేవిడ్ అటెన్‌బరో ఆవిడతో మాట్లాడుతూ ఆ పనంతా చూపించాడు. 1995లో కన్నుమూసింది. ఆవిడ పనిగదిని సారెతో సహా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మళ్లీ అమర్చారు. లోపలికి టికెట్ లేదు. మీ అన్నయ్యో అక్కయ్యో ఆ ఊళ్లో చదువుకుంటుంటే, ఓ ఆదివారం వెళ్లి చూసి ఫోటోలు పంపమనండి.