కరివేపాకు కుండీ, మిషిగన్ సరస్సు

కరివేపాకు కుండీని డెక్ మీదికి చేర్చే రోజు, మళ్లీ ఇంట్లోకి తెచ్చే రోజు. మా ఇంట్లో ఏడాదిని లెక్కపెట్టేది ఈ రెండు తేదీలతోనే. మే నెలలో మదర్స్ డే దాటాక బయటికి, అక్టోబరు మొదటి వారంలో లోపలికి. షికాగో చుట్టుపక్కల తెలుగిళ్లలో చాలామందికి ఈ లెక్క కంఠతా వచ్చు. నాకు మాత్రం ఒక మొక్క పోయాకే వచ్చింది.

షికాగోకి పడమట నేపర్‌విల్‌లో కాపురం పెట్టిన మొదటి ఏడు, అక్టోబరు మధ్యలో పగళ్లు వెచ్చగా ఉన్నాయి కదా అని కుండీని బయటే ఉంచేశాను. ఒకరోజు తెల్లారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఎండ తగిలాక ఒక్కొక్క రెమ్మా నల్లబడి, ఉడికిన ఆకుకూరలా వేలాడిపోయింది. వేళ్లతో నలిపితే వాసన మాత్రం ఉంది. ఆ పొర పడ్డ రాత్రే సరస్సు ఒడ్డున ఉండే మా స్నేహితుడి బాల్కనీలో కరివేపాకు నిక్షేపంగా ఉంది. మా ఇద్దరి ఇళ్లకీ మధ్య దూరం 30 మైళ్లు.

తేడా అంతా నీళ్లదే. మిషిగన్ సరస్సు వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి పైమాటే. సగటు లోతు 85 మీటర్లు. అన్ని నీళ్లు వేడెక్కాలన్నా చల్లారాలన్నా నెలలు పడుతుంది. వేసవిలో దాచుకున్న వెచ్చదనాన్ని సరస్సు శరదృతువులో ఒడ్డునున్న వీధులకు పంచుతుంది. చలికాలపు చల్లదనాన్ని మే దాకా వదలదు.

మా నాన్న వచ్చింది మే మొదటి వారంలోనే. పల్నాడులోని రెంటచింతల ఎండల్లో మిరప చేలు చేసిన మనిషి. సరస్సు ఒడ్డున నేవీ పియర్ దగ్గర ఎండ బాగా కాస్తోంది, స్వెటర్ తీసి చేతిలో పట్టుకున్నారు. ఉన్నట్టుండి గాలి తిరిగింది. నిమిషాల్లో ఒళ్లు జివ్వుమంది. "ఎవరో ఐసుపెట్టె మూత తీసినట్టుందేంట్రా!" అన్నారు. నేల తొందరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తే, ఆ చోటికి సరస్సు మీది చల్లగాలి వచ్చిపడుతుంది. టీవీలో రోజూ చెప్పే 'కూలర్ బై ద లేక్' ఇదే. ఒక్కోరోజు ఒడ్డుకీ మా పడమటి ఊళ్లకీ 20 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా ఉంటుంది. "ఇక్కడ కార్తెలు ఉండవా?" అని అడిగారు నాన్న. ఉన్నాయి నాన్నా, కాకపోతే వాటిని పంచాంగంలో కాదు, నీళ్లలో చూసుకోవాలి అన్నాను.

చలి గురించి మన బంధువులకు చెప్పనక్కర్లేదు, అందరూ అడిగేది అదే. 2019 జనవరి 30 తెల్లవారుజామున సున్నాకు కింద 23 ఫారన్‌హీట్, అంటే మైనస్ 31 సెల్సియస్. పట్టాలు మారే చోట్లు గడ్డకట్టకుండా మెట్రా రైళ్లవాళ్లు గ్యాసు మంటలు పెట్టారు. సంక్రాంతి వెళ్లి రెండు వారాలు, రైలు పట్టాల పక్కన భోగి మంటలు! మంచు సంగతి గాలిని బట్టి. పడమటి గాలికి సరస్సు తన మంచును అవతలి ఒడ్డున మిషిగన్ రాష్ట్రం మీద కుమ్మరిస్తుంది. ఈశాన్యపు గాలి వీస్తే మన వంతు.

అయితే నన్ను ఎక్కువ భయపెట్టేది జనవరి కాదు, జూలై. 1995 జూలై 13న షికాగోలోని మిడ్‌వే విమానాశ్రయంలో 106 ఫారన్‌హీట్, 41 సెల్సియస్. మన పల్నాటికి అదొక లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ వారంలో ఈ నగరంలో మామూలు కన్నా 739 మంది ఎక్కువగా చనిపోయారు. గాలి నిండా తేమ, రాత్రిళ్లూ చల్లబడని ఇటుక గోడలు. పోయినవారిలో ఎక్కువమంది ఏసీ లేక, దొంగల భయంతో కిటికీలు మూసుకుని, పలకరించే దిక్కులేక ఉన్న పెద్దవాళ్లు. ఇవాళ మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో అమ్మానాన్నలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒంటరిగా ఉంటున్నారు? థర్మోస్టాట్ ముట్టుకోవడానికే జంకుతారు, కరెంటు బిల్లు కొడుకుకి భారమవుతుందని. మన తెలుగు సంఘం పండుగలు చేస్తుంది, బడులు నడుపుతుంది. వడగాడ్పు రోజుల్లో ఆ పెద్దలకు మధ్యాహ్నం ఒక ఫోను చేసే పని కూడా పెట్టుకోవాలని నా కోరిక. చేసేవాళ్లలో మొదటి పేరు నాది రాసుకోండి.

ఈ ఏడు మా కొత్త చెట్టు కాయలు కాసింది. నల్లగా పండినవి కోసి విత్తితే పదకొండు మొలకలొచ్చాయి. సంఘం వార్షికోత్సవానికి కాగితం కప్పుల్లో తెస్తాను. తీసుకెళ్లేవాళ్లు ఒడ్డున ఉంటారో, పడమటి ఊళ్లలో ఉంటారో చెప్పండి. లోపలికి తేవాల్సిన తేదీ దాన్నిబట్టి కప్పు మీద రాసిస్తాను.