కరువు కథకులకు ఒక అర్థశాస్త్రవేత్త

ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారి పేరు మన సాహిత్య విద్యార్థులకు పరిచయం తక్కువ. 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టి, విద్యార్థి దశలోనే వామపక్ష భావాలు వంటబట్టించుకొని, ఢిల్లీలో వ్యవసాయార్థశాస్త్ర పరిశోధకులుగా స్థిరపడ్డారాయన. 1982లో ప్రణాళికా సంఘ సభ్యులయ్యారు. 2004లో పద్మభూషణ్ వచ్చింది. పదవుల జాబితా అంతటితో చాలు.

1975లో వెలువడిన ఆయన గ్రంథం హరిత విప్లవాన్ని ఒక ప్రశ్నతో పరీక్షించింది: పెరిగిన పంట ఫలం ఎవరికి చేరింది? ట్రాక్టరునూ మేలురకం విత్తనాన్నీ ఆయన ఒకే గాటన కట్టలేదు. విత్తనమూ ఎరువూ చిన్న కమతంలోనూ పనిచేస్తాయి. కాని నీరూ పెట్టుబడీ ఉన్నవాడికే అవి ముందుగా అందుతాయి. మెట్టసీమల వెనుకబాటుకు ఒక మూలం ఇక్కడే ఉంది.

అనంతపురం వాళ్లకు ఆయన మరింత దగ్గర. కరువు పీడిత ప్రాంతాల పథకం 1973-74 నుంచి నడుస్తున్నా, డబ్బు శాఖలవారీగా చెల్లాచెదురైంది. సుమారు 500 హెక్టార్ల పరీవాహక క్షేత్రాన్ని యూనిట్‌గా తీసుకొని, ఊరివాళ్ల చేతుల మీదుగా పని జరగాలని 1994లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం చెప్పింది. 1995 ఏప్రిల్ నుంచి ఆ మార్గదర్శకాలు అమలయ్యాయి. అయితే గట్టు వేస్తే మేలు భూమి ఉన్నవాడికే. కూలికి దక్కేది కొన్నాళ్ల పని. ఈ చిక్కు వాటర్‌షెడ్డుతో తీరలేదనే నా అభిప్రాయం.

మన కరువు కథలు చాలావాటిలో ఆకాశమే ప్రతినాయకుడు. ఏడాదికి 550 మి.మీ. వాన దాటని జిల్లాలో ఆ కోపం సహజమే లెండి. కాని సింగమనేని నారాయణ గారి వేరుశనగ రైతు వానతోనే కాదు, అప్పుతోనూ ధరతోనూ పెనుగులాడతాడు. హనుమంతరావు గారి పట్టికలు పక్కన పెట్టుకొని ఆ కథలు మళ్లీ చదవమని మా విద్యార్థులకు చెబుతుంటాను.