పాత జీపు స్టీరింగ్ బాక్స్: ఆయిల్ సీల్ అరుగుదల, మార్పిడి

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• స్టీరింగ్ బాక్స్‌లో ఆయిల్ సీల్ చేసే పనిని వివరించగలుగుతారు;
• ఆయిల్ కారడానికి మూలకారణం సీల్‌లో ఉందో, షాఫ్టులో ఉందో, బుష్‌లో ఉందో గుర్తించగలుగుతారు;
• కొత్త సీల్ అమర్చే పద్ధతిని వరసగా చెప్పగలుగుతారు;
• స్టీరింగ్ వదులును కొలిచి, అది నిబంధనకు లోబడి ఉందో లేదో నిర్ణయించగలుగుతారు.

2. పరిచయం

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మహీంద్రా పాత జీపులు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. అమెరికాలోని విల్లీస్ కంపెనీ రూపొందించిన సి.జె. 3బి నమూనాను మహీంద్రా సంస్థ మన దేశంలో దశాబ్దాల పాటు తయారుచేసింది. ఈ పాఠంలో ఆ తరం జీపునే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

రాత్రి నిలిపిన జీపు కింద, ముందు చక్రం దగ్గర పొద్దున్నే నల్లటి ఆయిల్ మరక కనిపిస్తుంది. యజమాని ఆయిల్ సీల్ మార్పిస్తాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే మరక. కొత్త సీల్ నాసిరకమని అనుకుంటాడు. చాలా సందర్భాల్లో తప్పు సీల్‌ది కాదు. సీల్ కారడం రోగం కాదు, రోగలక్షణం. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు స్టీరింగ్ బాక్స్ లోపల ఏముందో చూడాలి.

3. స్టీరింగ్ బాక్స్ నిర్మాణం

స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ చివర మర లాంటి గాడి ఉన్న క్యామ్ ఉంటుంది. ఆ గాడిలో రెండు పెగ్‌లు కూర్చుంటాయి. ఈ పెగ్‌లు ఒక అడ్డ షాఫ్టుకు బిగించిన లీవర్ మీద ఉంటాయి. చక్రం తిప్పితే క్యామ్ తిరుగుతుంది, పెగ్‌లు గాడి వెంట జరుగుతాయి, అడ్డ షాఫ్టు కొద్ది కోణం మేర అటూ ఇటూ ఊగుతుంది. షాఫ్టు బయటి చివర బిగించిన డ్రాప్ ఆర్మ్ ఆ కదలికను డ్రాగ్ లింక్ ద్వారా ముందు చక్రాలకు అందిస్తుంది. దీన్ని రాస్ రకం క్యామ్ - లీవర్ స్టీరింగ్ అంటారు.

బాక్స్ నిండా గేర్ ఆయిల్ ఉంటుంది. అడ్డ షాఫ్టు బాక్స్ గోడలోని బుష్‌లలో ఊగుతుంది. అది బయటికి వచ్చే చోట, డ్రాప్ ఆర్మ్‌కు ఆనుకుని, ఆయిల్ సీల్ ఉంటుంది. స్టీరింగ్ కాలమ్ పైచివర, చక్రం కింద మరో రక్షణ ఉంటుంది. అక్కడి ఫెల్ట్ లేదా రబ్బరు రింగు దుమ్మునూ వాన నీటినీ లోపలికి పోనివ్వదు. జీపు పైకప్పు లేని బండి కాబట్టి ఈ రింగు చెడితే నీరు కాలమ్ గొట్టం వెంట దిగి బాక్స్‌లోకి చేరుతుంది. బాక్స్‌లోని ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరిందని గుర్తు.

4. సీల్ ఎలా పనిచేస్తుంది?

సీల్ లోపలి అంచును పెదవి అంటారు. అది షాఫ్టును చుట్టి పట్టుకుంటుంది. పెదవి వెనక ఉన్న సన్నని స్ప్రింగ్ ఆ పట్టును నిలుపుతుంది. పెదవి ఎంత గట్టిగా నొక్కితే అంత బాగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెదవికీ షాఫ్టుకూ మధ్య అతి పలుచని ఆయిల్ పొర ఉండాలి. ఆ పొర లేకపోతే రబ్బరు పొడిగా రాసుకుని అరిగిపోతుంది. పొర మందమైతే ఆయిల్ బయటికి వస్తుంది. పెదవి షాఫ్టు చుట్టూ ఒకే తీరున ఆనినంత కాలం ఈ సమతూకం నిలుస్తుంది.

5. సీల్ ఎందుకు చెడుతుంది?

5.1 వేడి: వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు మీరు తరచూ వినే ఉంటారు. వేడికి ఏళ్ల తరబడి గురైన రబ్బరు గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది. నెలల పాటు కదలకుండా నిలిపిన బండిలో పెదవి అదే ఆకారంలో బిగుసుకుపోతుంది.

5.2 దుమ్ము: పల్నాడు సున్నపురాయి ప్రాంతం. అయితే సున్నపురాయిలోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3 మాత్రమే. రోడ్డు దుమ్ములోని ఇసుక, అంటే క్వార్ట్జ్ కాఠిన్యం 7. ఇది మామూలు ఉక్కును గీయగలదు. ఇసుక రేణువులు మెత్తటి పెదవిలో గుచ్చుకుని, ఆకురాయిలా షాఫ్టును అరగదీస్తాయి. మెత్తని రబ్బరు ఆనిన చోట గట్టి ఉక్కు మీద గాడి పడటానికి కారణం ఇదే.

5.3 బుష్ అరుగుదల: అన్నిటికన్నా ముఖ్యమైన కారణం ఇది. చక్రం గుంటలో పడినప్పుడు ఆ దెబ్బ డ్రాగ్ లింక్, డ్రాప్ ఆర్మ్‌ల ద్వారా షాఫ్టుకు చేరుతుంది. ఆర్మ్‌కు దగ్గరగా ఉన్న బుష్ ఆ భారంలో ఎక్కువ భాగం మోస్తుంది. షాఫ్టు పూర్తి చుట్టు తిరగదు కాబట్టి అరుగుదల ఒకే వైపున పేరుకుంటుంది, బుష్ రంధ్రం కోలగా మారుతుంది. సీల్ కూర్చునేది సరిగ్గా ఆ బుష్ పక్కనే. షాఫ్టు పక్కకు ఊగిన ప్రతిసారీ పెదవి ఒక వైపు నలుగుతుంది, రెండో వైపు ఖాళీ వదులుతుంది. ఈ స్థితిలో ఎంత మంచి సీల్ వేసినా నిలవదు.

6. గ్రీజు ఎందుకు పనికిరాదు?

ఆయిల్ కారకుండా బాక్స్‌లో గ్రీజు కూరడం కొన్నిచోట్ల అలవాటు. మరక ఆగుతుంది, కానీ అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. పెగ్ కదిలినప్పుడు గ్రీజు పక్కకు తొలగుతుంది. ఆయిల్‌లా మళ్లీ ప్రవహించి ఆ ఖాళీని నింపదు. క్యామ్, పెగ్‌లు పొడిగా రాసుకుని అరుగుతాయి, స్టీరింగ్ వదులవుతుంది. కారుతున్న బాక్స్ కంటే ఇది ప్రమాదకరం. కారే బాక్స్ మరకతో హెచ్చరిస్తుంది, గ్రీజు నింపిన బాక్స్ ఏ హెచ్చరికా ఇవ్వదు. తయారీదారు సూచించిన గ్రేడు గేర్ ఆయిల్ మాత్రమే వాడాలి.

7. సీల్ మార్చే పద్ధతి

1) బండిని చదునైన నేల మీద, ముందు చక్రాలు తిన్నగా ఉండేలా నిలపండి. చక్రాలకు అడ్డు పెట్టండి. హారన్ వైరు కాలమ్‌లో ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ విప్పండి.

2) బాక్స్‌ను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, సుద్దపొడి చల్లండి. స్టీరింగ్‌ను కొద్దిసేపు అటూ ఇటూ తిప్పించండి. మొదట తడిసిన చోటే కారుతున్న చోటు. అది సీల్ కాకుండా పక్క మూత గ్యాస్కెట్ కూడా కావచ్చు.

3) డ్రాగ్ లింక్ విప్పండి. డ్రాప్ ఆర్మ్ మీద, షాఫ్టు చివర ఒకే వరసలో గుర్తు పెట్టండి. నట్టు విప్పి, ఆర్మ్‌ను పుల్లర్‌తో మాత్రమే లాగండి. సుత్తితో కొడితే ఆ దెబ్బ పెగ్‌లకూ క్యామ్ గాడికీ తగులుతుంది.

4) పాత సీల్ తీయకముందే షాఫ్టును చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపి చూడండి. చేతికి కదలిక తెలిస్తే ముందు షాఫ్టు తీసి బుష్‌లు మార్చాలి.

5) సీల్‌ను బాక్స్ రంధ్రం గోడకు గీత పడకుండా పెకలించండి. ఆ గీతే తరవాత ఆయిల్‌కు దారి అవుతుంది. షాఫ్టు మీద పెదవి ఆనిన చోట గోరుతో గీకి చూడండి. గోరు తట్టుకుంటే గాడి పడినట్లే. అలాంటి షాఫ్టును మార్చాలి, లేదా లేత్ పనిలో బాగుచేయించాలి.

6) కొత్త సీల్ కొనేటప్పుడు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలూ చూడండి. ఈ జీపు కొలతలు అంగుళాల్లో ఉంటాయి. ఉదాహరణకు 1 అంగుళం 25.4 మి.మీ. ఆ షాఫ్టుకు 25 మి.మీ. సీల్ బిగువు, 26 మి.మీ. సీల్ వదులు. ‘దగ్గర సైజు’తో సరిపెట్టుకోకూడదు.

7) షాఫ్టు చివరి పళ్లకు టేపు చుట్టండి, లేకపోతే అవి పెదవిని కోస్తాయి. పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న వైపు బాక్స్ లోపలికి ఉండేలా పెట్టండి. సీల్ బయటి అంచుకు సరిపడే గొట్టం ముక్కతో అన్ని వైపులా సమంగా నొక్కండి.

8) గుర్తులు కలిపి డ్రాప్ ఆర్మ్ బిగించండి. నిర్ణీత మట్టం వరకు గేర్ ఆయిల్ నింపండి. కాలమ్ పైచివరి రింగును కూడా ఇప్పుడే మార్చండి.

8. సర్దుబాటు, పరీక్ష

పక్క మూత మీద ఉన్న మరతో పెగ్‌లను గాడిలోకి సర్దుతారు. తిన్నగా వెళ్లే స్థానంలో బిగువు సరిగ్గా ఉండేలా గాడిని అక్కడ ఇరుకుగా కోస్తారు. అందువల్ల చక్రాలు తిన్నగా ఉండే స్థానంలోనే, డ్రాగ్ లింక్ కలపకముందే సర్దుబాటు చేయాలి. పక్కకు తిప్పిన స్థానంలో బిగిస్తే మధ్యలో పట్టేస్తుంది. అతిగా బిగించిన స్టీరింగ్ మలుపు తరవాత దానంతటది తిన్నబడదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇది ప్రాణాపాయం.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు మించకూడదు. దీన్ని టేపుతో కొలవవచ్చు. 30 డిగ్రీలంటే పూర్తి చుట్టులో 12వ వంతు. చక్రం వ్యాసం 42 సెం.మీ. అయితే చుట్టుకొలత 132 సెం.మీ., అందులో 12వ వంతు 11 సెం.మీ. ముందు చక్రాలు కదలకుండానే స్టీరింగ్ అంచు 11 సెం.మీ. కంటే ఎక్కువ జరిగితే ఆ బండి రోడ్డుకు తగదు. ఇది చట్టం అనుమతించే గరిష్ఠ హద్దు మాత్రమే. బాగున్న స్టీరింగ్‌లో వదులు దీనికన్నా చాలా తక్కువ ఉంటుంది.

ఈ పనిని మొదటిసారి అనుభవజ్ఞుడైన మెకానిక్ పక్కన ఉండగానే చేయండి. డ్రాప్ ఆర్మ్ నట్టు బిగింపును ఇద్దరూ విడివిడిగా సరిచూసిన తరవాతే బండిని రోడ్డెక్కించాలి.

9. సారాంశం

సీల్ షాఫ్టును అనుసరిస్తుంది. షాఫ్టును నిలిపేది బుష్. బుష్ అరిగితే షాఫ్టు ఊగుతుంది, షాఫ్టు ఊగితే సీల్ కారుతుంది. కాబట్టి పరీక్ష బుష్‌తో మొదలై సీల్‌తో ముగియాలి. గ్రీజు మరకను దాస్తుంది గాని అరుగుదలను ఆపదు.

10. మాదిరి ప్రశ్నలు

1) కొత్త సీల్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ ఆయిల్ కారితే మీరు ముందుగా ఏ భాగాన్ని పరీక్షిస్తారు? ఎందుకు?
2) మెత్తని రబ్బరు పెదవి ఆనిన చోట ఉక్కు షాఫ్టు మీద గాడి ఎలా పడుతుంది?
3) స్టీరింగ్ చక్రం వ్యాసం 35 సెం.మీ. అంచు దగ్గర వదులు 10 సెం.మీ. ఈ బండి 98వ నియమానికి లోబడి ఉందా? లెక్కకట్టి చెప్పండి.
4) మీకు దగ్గరలోని షెడ్డులో ఒక పాత వాహనాన్ని పరిశీలించి, స్టీరింగ్ బాక్స్‌లో ఏమి వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో ఒక పేజీలో రాయండి.