తెలిసిన లెక్కే ఎందుకు తప్పుతుంది? జీఆర్‌ఈ గణితానికి సిద్ధమయ్యే తీరుపై పరిశోధనలు చెప్పేది

ఒక కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పక్క ఊరికి వెళ్లి, అదే దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చింది. మొత్తం ప్రయాణంలో సగటు వేగం ఎంత? చాలామంది నోట వెంటనే వచ్చే జవాబు 50. అది తప్పు. రెండు ఊళ్ల మధ్య దూరం 120 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు పడతాయి. 240 కిలోమీటర్లకు 5 గంటలు కాబట్టి సగటు వేగం 48. కారు నెమ్మదిగా నడిచిన సమయమే ఎక్కువ. అందుకే సగటు అటువైపు ఒరిగింది.

ఈ లెక్క చేయడానికి హైస్కూలు గణితం చాలు. విదేశాల్లో ఎంఎస్, పీహెచ్‌డీ ప్రవేశాలకు అనేక విశ్వవిద్యాలయాలు పరిగణించే జీఆర్‌ఈ పరీక్షలో గణిత విభాగం స్థాయి కూడా దాదాపు ఇంతే. అంకగణితం, బీజగణితం, జ్యామితి, దత్తాంశ విశ్లేషణ నుంచే ప్రశ్నలు వస్తాయి. త్రికోణమితి, కలన గణితం ఉండవు. తెరపై కాలిక్యులేటర్ కూడా ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఏటా పెద్ద సంఖ్యలో విద్యార్థులు ఈ పరీక్ష రాస్తుంటారు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ గణితం చదివినవారు కూడా ఈ సులువైన విభాగంలో మార్కులు పోగొట్టుకోవడం మామూలే. కారణం గణితం రాకపోవడం కాదు, సాధన చేసిన తీరు.

2023 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న విధానంలో గణితానికి 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. మొదటి భాగంలో 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండో భాగంలో 26 నిమిషాల్లో 15 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో ప్రశ్నకు సగటున సుమారు 1 నిమిషం 45 సెకన్లు. మొదటి భాగంలో ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో భాగం కఠినత మారుతుంది. స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలాల్సిన పని లేదు.

కొన్ని ప్రశ్నల్లో రెండు రాశులు ఇచ్చి ఏది పెద్దదో చెప్పమంటారు. ఉదాహరణకు, ఒక సంఖ్య వర్గం 16. ఆ సంఖ్య పెద్దదా, 4 పెద్దదా? రెండూ సమానమని తొందరపడితే మార్కు పోయినట్టే. ఆ సంఖ్య మైనస్ 4 కూడా కావచ్చు. కాబట్టి ఇచ్చిన సమాచారంతో తేల్చలేం అన్నదే సరైన జవాబు. ఇక్కడ పరీక్షిస్తున్నది గుణకారాన్ని కాదు, అన్ని అవకాశాలనూ చూసే అలవాటును.

మరో జంట చూడండి. పదిమందిలో ముగ్గురితో ఒక కమిటీ వేయాలి. అదే పదిమందిలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కావాలి. రెండింటిలోనూ ఎంచుకునేది ముగ్గురినే. కానీ మొదటిది 120 విధాలుగా, రెండోది 720 విధాలుగా చేయవచ్చు. పదవులు వేరైనప్పుడు వరస ముఖ్యం, కమిటీకి వరసతో పని లేదు. సూత్రాలు రెండూ తెలిసినా, ఎక్కడ ఏది వాడాలో గుర్తించలేకపోతే ఫలితం లేదు.

మనం సాధారణంగా వదిలేసే మెట్టు ఇదే. కోచింగ్ పుస్తకాల్లో శాతాలు ఒక అధ్యాయం, వేగం-కాలం మరో అధ్యాయం. శాతాల అధ్యాయంలో ఉన్న ప్రతి లెక్కా శాతాల లెక్కే. ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తోంది. అసలు పరీక్షలో ఆ పేరు ఉండదు.

దీనిపై అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. కొందరు ఒక్కో రకాన్ని వరసగా సాధన చేశారు, మిగిలినవారు అన్నిటినీ కలగలిపి చేశారు. సాధన సమయంలో వరసగా చేసినవారు 89 శాతం, కలగలిపి చేసినవారు 60 శాతం సరిగ్గా చేశారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో పరిస్థితి తారుమారైంది. వరసగా చేసినవారికి 20 శాతం, కలగలిపినవారికి 63 శాతం వచ్చాయి. ఫ్లోరిడాలోని 54 ఏడో తరగతి సెక్షన్లలో జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. నెల తర్వాత పెట్టిన పరీక్షలో కలగలిపి సాధన చేసిన పిల్లలు 61 శాతం, మిగిలినవారు 38 శాతం సాధించారు.

పరిష్కారాన్ని చదివి అర్థమైందనుకోవడం మరో ఉచ్చు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు చిన్న వ్యాసాలు చదివారు. నాలుగుసార్లూ చదివినవారు, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారి కంటే ఐదు నిమిషాల తర్వాత మెరుగ్గా ఉన్నారు. వారం తర్వాత మాత్రం మొదటివారికి 40 శాతం, రెండోవారికి 61 శాతం గుర్తుంది. ఇది గణితంపై చేసిన ప్రయోగం కాకపోయినా, పాఠం ఇక్కడా వర్తిస్తుంది. కళ్ల ముందున్న సాధన ఎప్పుడూ సులువుగానే కనిపిస్తుంది. దాన్ని మూసి, తెల్లకాగితంపై మొదటి నుంచి చేసినప్పుడే ఎంత వచ్చిందో తేలుతుంది.

అలాగని మొదటి రోజు నుంచే అన్నీ కలిపేయాలని కాదు. కొత్త అంశమైతే ముందు కొన్ని లెక్కలు వరసగా చేసి పద్ధతి పట్టుకోవాలి. ఆ తర్వాత పాత అధ్యాయాల లెక్కలతో కలిపేయాలి. తప్పిన ప్రతి లెక్క పక్కన కారణం ఒక్క ముక్కలో రాసుకోవాలి: పద్ధతి తెలియదా, తెలిసీ గుర్తించలేదా, లెక్కింపులో తొందరపడ్డారా? ఒక్కోదానికి మందు వేరు. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా పరీక్షల్లో ఒకటి ఆరంభంలో, మరొకటి చివర్లో గడియారం పెట్టుకుని రాస్తే తేడా తెలుస్తుంది.

ఈ తరహా సాధనలో మొదట తప్పులు ఎక్కువ వస్తాయి, మనసు నీరసపడుతుంది. వెనకబడిపోతున్నామని భయపడి చాలామంది మళ్లీ అధ్యాయాల వారీ సాధనకే వెళ్లిపోతారు. పై ప్రయోగంలో 60 శాతం దగ్గర తడబడినవారే వారం తర్వాత ముందున్నారన్న సంగతి అప్పుడు గుర్తుంచుకోవాలి. ఇంట్లో చేసిన తప్పుకు ఖర్చు ఒక కాగితం. పరీక్ష గదిలో చేసిన తప్పుకు మళ్లీ ఫీజు కట్టాలి, కనీసం 21 రోజులు ఆగాలి. ఒక్కోసారి దరఖాస్తు గడువు కూడా దాటిపోవచ్చు.